ఒక్క 'సిక్'తో కాంటొనీస్‌లో నెట్టుకురావడం ఎలా?

ఉద్యోగం మీద హాంకాంగ్‌కో, సరుకు చూసుకోవడానికి క్వాంగ్‌చౌలో ఏడాదికి రెండుసార్లు జరిగే కాంటన్ ఫెయిర్‌కో వెళ్తున్నారనుకుందాం. భాష నేర్పే యాప్ తెరవగానే 'నమస్కారం, నా పేరు ఫలానా' అని మొదలవుతుంది. అది పక్కన పెట్టండి. పేరు చెప్పుకునే అవసరం నెలకోసారి వస్తుంది, తిండి అవసరం రోజుకు మూడుసార్లు. అందుకే 'సిక్' దగ్గర మొదలుపెట్టండి. అక్కడివాళ్లు మాట్లాడే చైనా భాష కాంటొనీస్‌లో సిక్ అంటే తినడం.

తెలుగువాళ్లకు ఈ మాట తొందరగా వంటపడుతుంది. మనమూ ఒక్క 'తిను'తో సగం సంసారం నడుపుతాం. తిట్లు తింటాం, దెబ్బలు తింటాం, ఎదుటివాడి బుర్ర తింటాం, ఎవడో లంచం తిన్నాడంటాం. వాళ్ల 'సిక్' కూడా అలాంటి మాటే. కాకపోతే మనం తినేవన్నీ వాళ్లు తినరు, వాళ్లు తినేవన్నీ మనం తినం. ఆ తేడా దగ్గరే నాలిక మడత పడుతుంది.

ముందు పలకడం

'చిక్కు' అనండి. ఇప్పుడు 'సిక్కు' అనండి. మళ్లీ అదే మాట మొదలుపెట్టి, 'క్కు' దగ్గర నాలిక వెనక భాగం అంగిలికి తగలగానే ఆగిపోండి. గాలి వదలొద్దు, చివర 'ఉ' రానివ్వొద్దు. అదే సిక్. మనవాళ్లు చేసే మొదటి తప్పు ఇక్కడే. బస్సును 'బస్సు' చేసినట్టు సిక్‌ను 'సిక్కు' చేసేస్తాం. వినేవాళ్లకు అది రెండు మాటల్లా వినిపిస్తుంది.

రెండో సంగతి స్థాయి, అంటే మాట పలికేటప్పుడు గొంతు ఎంత ఎత్తులో ఉండాలన్నది. కాంటొనీస్‌లో ఆరు స్థాయిలున్నాయి. 1993లో హాంకాంగ్ భాషా శాస్త్రవేత్తల సంఘం తయారుచేసిన జ్యుత్‌పింగ్ పద్ధతిలో ప్రతి మాట చివరా 1 నుంచి 6 వరకు ఓ అంకె వేస్తారు. తినే సిక్‌కి అంకె 6. గొంతు కింద, సమంగా ఉండాలి. సంగీతం కాస్త వచ్చినవాళ్లు 6ను 'స' దగ్గర, 1ని 'ప' దగ్గర పెట్టుకోండి. శాస్త్రప్రకారం ఇది సరైన లెక్క కాదు కానీ పని జరుగుతుంది.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ఇదే మాటను 'ప' దగ్గర పలికితే అర్థం 'తెలుసు' అయిపోతుంది. హాంకాంగ్‌లో షామ్ షుయ్ పో అనే పేటలో ఓ చిన్న హోటల్లో 'నేను గొడ్డుమాంసం తినను' అని చెప్పబోయి నేను గొంతు పెంచాను. కొత్త భాషలో మాట్లాడేటప్పుడు టెన్షన్‌కి గొంతు దానంతట అదే పైకి పోతుంది. 'నాకు గొడ్డుమాంసం తెలీదు' అయి కూర్చుంది. వడ్డించే ఆవిడ పాపం నిజంగానే అనుకుని మెనూ తిరగేసి, ఆవు బొమ్మ మీద వేలు పెట్టి చూపించింది. నేను అవునవునని తలూపాను. ఆ పూట ఏం వచ్చిందో చెప్పను.

రెండు స్థాయిలూ కలిపి అభ్యాసం చేయడానికి వాళ్ల దగ్గరే మంచి మాట ఉంది: సిక్1 సిక్6. తినడం తెలిసినవాడు, అంటే ఏది ఎక్కడ బాగుంటుందో ఎరిగిన భోజనప్రియుడు. పైనుంచి కిందికి, 'ప' నుంచి 'స'కి. రోజుకు పదిసార్లు అనుకోండి.

మన లిపి ఇక్కడ బాగా కలిసొస్తుంది. రోమన్ అక్షరాల్లో 'డి' అని రాసిన చోట వాళ్లు పలికేది 'త'. 'జి' అని రాసిన చోట 'క'. ఒత్తు ఉందా లేదా అన్నదే వాళ్లకు ముఖ్యం, అది మనకు ఒకటో తరగతిలోనే వచ్చేసింది. 'జెడ్' అని రాసిన చోట మన చొక్కాలో, చాపలో ఉండే దంత్య చకారం పెట్టండి, సరిగ్గా అతుకుతుంది. ఇక అక్షరాభ్యాసం రోజున దిద్ది, తర్వాత జన్మలో వాడని 'ఙ' ఉంది చూశారా, దానికి ఇక్కడ పని దొరికింది. ఙో అంటే నేను. హాంకాంగ్ కుర్రాళ్లు దాన్నీ మింగేసి 'ఓ' అనేస్తున్నారనుకోండి, మీరు మాత్రం ఙో అనే నేర్చుకోండి.

పలకరింపు

'సిక్ చొ ఫాన్ మేయ్ ఆ?' అంటే అన్నం తిన్నారా, ఇంకా లేదా? మధ్యాహ్నం లిఫ్టులో పక్కింటి పెద్దాయన ఈ మాట అంటే భోజనానికి పిలుస్తున్నాడనుకోవద్దు. మన ఊళ్లో 'ఏం, భోంచేశారా?' అన్నట్టే అది. తిని ఉంటే 'సిక్ చొ లా', తినకపోతే 'మేయ్ ఆ' అనేసి, 'నేయ్ నె?' (మరి మీరు?) అని తిరిగి అడగండి. ఏం తిన్నారో వివరంగా చెప్పక్కర్లేదు.

ఫాన్ అంటే వండిన అన్నం. బియ్యానికి మయ్ అనీ, పొలంలోని వరికి వో అనీ, గంజిలా జావగా కాచిన అన్నానికి చుక్ అనీ వేర్వేరు మాటలున్నాయి. వరి, బియ్యం, అన్నం, గంజి అని విడివిడిగా చెప్పుకునే మనకు ఇది సొంతింటి వ్యవహారం. మనం 'అన్నానికి రండి' అంటే పూర్తి భోజనమైనట్టే, వాళ్ల ఫాన్ కూడా భోజనానికే గుర్తు. ఆ పూట తిన్నది నూడుల్సే అయినా అడిగేది ఫాన్ గురించే. 'తింటున్నాను' అని ఊరికే చెప్పాలన్నా సిక్ ఒక్కటే అంటే బోసిగా ఉంటుంది, పక్కన ఫాన్ చేర్చాలి.

ఎవరింటికైనా భోజనానికి వెళ్తే ఒకటి గమనిస్తారు. పిల్లలు చాప్‌స్టిక్స్ ముట్టుకునే ముందు పెద్దవాళ్లను వరసపెట్టి పిలుస్తారు. 'యె యె సిక్ ఫాన్, మా మా సిక్ ఫాన్' అంటే తాతయ్యా భోంచేయండి, నాయనమ్మా భోంచేయండి అని. అమ్మమ్మ అయితే 'మా మా' కాదు, 'ఫో ఫో'. నాయనమ్మకూ అమ్మమ్మకూ తేడా తెలియని ఇంగ్లీషువాళ్లలా వీళ్లు మనల్ని ఇబ్బంది పెట్టరు. మీరు కూడా ఆ ఇంటి పెద్దావిడ వైపు తిరిగి ఈ మాట అన్నారంటే, మీ గిన్నెలో అడక్కుండానే చేపముక్క పడుతుంది. వెనకే 'సిక్ తో తీ లా' అని వినిపిస్తుంది, ఇంకొంచెం తినవయ్యా అని.

తోకలు తగిలించడం

ఈ క్రియ ఎప్పుడూ మారదు. తిన్నాను, తింటున్నాను, తినేశాను, తినగలను అని మనం చివర ఎన్ని మెలికలు తిప్పుతామో, వాళ్లు సిక్ వెనక చిన్న ముక్కలు తగిలించి అవన్నీ చెప్పేస్తారు. చొ పెడితే తినడం అయిపోయింది. కన్ పెడితే ప్రస్తుతం తింటున్నాం. క్వో పెడితే ఎప్పుడో ఒకసారి తిన్న అనుభవం ఉంది. సాయ్ పెడితే గిన్నె ఖాళీ. పావ్ పెడితే కడుపు నిండింది. తక్ పెడితే తినగలను, తినొచ్చు.

గుర్తుపెట్టుకోవలసింది ఒకటే: తోక సిక్‌కి తగలాలి, ఫాన్‌కి కాదు. సిక్ చొ ఫాన్, సిక్ కన్ ఫాన్. మనం 'అన్నం తిన్నా' అని చివర తిప్పడానికి అలవాటుపడ్డ ప్రాణులం కాబట్టి 'సిక్ ఫాన్ చొ' అని నోటికొచ్చేస్తుంది. మొదటి నెలంతా నాకు ఇదే గొడవ.

ప్రశ్న వేయడం ఇంకా సులువు. తింటావా తినవా అన్నట్టు 'సిక్ మ్ సిక్?' అంటే చాలు. మధ్యలో ఉన్న మ్ కాదనడానికి. పెదాలు మూసి ముక్కుతో అనాలి, అచ్చు కలపకూడదు. 'సిక్ మ్ సిక్ లాత్?' అంటే కారం తింటావా? గుంటూరు వైపు వాళ్లయితే 'సిక్ తక్ లాత్' (కారం తినగలను) అని ధైర్యంగా చెప్పేయండి. కాంటొనీస్ వంటలో కారమనేది మనకు ఆనదు.

హోటల్లో

మెనూ చేతికి రాకముందే చెప్పవలసినవి ఇవి. ముందు 'మ్ కోయ్' అనండి. కాస్త దయచేసి అన్నట్టు. తర్వాత ఙో మ్ సిక్, ఆ తర్వాత తిననిది. గొడ్డుమాంసమైతే ఙవ్ యుక్, పందిమాంసమైతే చ్యూ యుక్. కోడి అయితే కయ్, గుడ్డయితే తాన్.

శాకాహారులకు మాత్రం ఇంకాస్త జాగ్రత్త కావాలి. 'ఙో మ్ సిక్ యుక్' (మాంసం తినను) అని ఊరుకుంటే సరిపోదు. అక్కడ చాలామందికి యుక్ అనగానే మనసులో మెదిలేది పందిమాంసమే. చేప, రొయ్య, కోడి ఎముకలతో కాచిన సూపు ఆ మాట కింద పడవు. మాంసం వద్దన్నారు కదా అని ప్రేమగా చేప పట్టుకొస్తారు. దీనికి మంత్రం 'సిక్ చాయ్'. ఈ చాయ్ మన టీ కాదు, దంత్య చకారంతో పలికే చాయ్, బౌద్ధుల నిష్ఠ భోజనం. చాలామంది పెద్దవాళ్లు చాంద్రమాసంలో మొదటి రోజూ, పదిహేనో రోజూ సిక్ చాయ్ చేస్తారు. కార్తీకంలోనో శనివారమో నీచు ముట్టని ఇంట్లో పుట్టినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. నిష్ఠగా వండితే అందులో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. 'యవ్ మోవ్ చాయ్ సిక్ ఆ?' అంటే తినడానికి చాయ్ ఏమైనా ఉందా అని.

మామూలు హోటల్లో ఉడికించిన ఆకుకూర తెప్పించుకుంటే దాని మీద నల్లగా, చిక్కగా ఓ రసం పోసి ఇస్తారు. చూడ్డానికి చింతపండు పులుసులా ఉంటుంది. అది హోవ్ యవ్, ఆల్చిప్పల సాస్. వద్దనాలంటే సిక్ పనికిరాదు, 'చవ్ హోవ్ యవ్' అనాలి. చవ్ అంటే వెళ్లిపోవడం. ఆల్చిప్పల సాస్‌ను ప్లేట్లోంచి బయటికి పంపేయమన్నట్టు. ఉల్లికాడలు వద్దన్నా ఇదే మాట.

హాంకాంగ్‌లోనే చిమ్ షా చుయ్ పేటలో ఉన్న చుంగ్‌కింగ్ మాన్షన్స్‌కి వెళ్తే ఈ బాధలేవీ ఉండవు. 1961 నాటి ఆ కట్టడం నిండా మనవైపు తిండి దొరుకుతుంది. రోజూ అక్కడే తిన్నవాళ్లకు పదేళ్లయినా కాంటొనీస్ మాత్రం రాదు.

తినేది, తాగేది

కాంటొనీస్‌లో తాగడానికి యమ్ అనే వేరే మాట ఉంది. టీ, సూపు, మద్యం యమ్ కిందికి వస్తాయి. జావలా ఉన్నా చుక్ మాత్రం సిక్. మనం సిగరెట్ తాగుతాం, వాళ్లు తింటారు: సిక్ యిన్, పొగ తినడం. మనం మాత్ర వేసుకుంటాం, వాళ్లు మందు తింటారు: సిక్ యొక్. డాక్టర్ దగ్గర 'సిక్ చొ యొక్ మేయ్?' అని అడిగితే మందు వేసుకున్నారా అని.

హాంకాంగ్‌లో 1950ల నుంచీ మరుగుదొడ్లకు సముద్రపు నీరు వాడుతున్నారు. అందుకని చాలా భవనాల్లో రెండు రకాల నీళ్ల గొట్టాలుంటాయి. ఒకటి ఉప్పునీటిది. రెండోది సిక్ సొయ్, అక్షరాలా 'తిండి నీళ్లు', మన తాగునీరు. రోజువారీ మాటల్లో మాత్రం నీళ్లు తాగడం యమ్ సొయ్యే.

యంత్రాలకూ ఆకలుంటుంది. ఏటీఎం కార్డు మింగేస్తే అది కార్డును సిక్ చొ. కారు పెట్రోలు తెగ తాగుతుంటే 'హోవ్ సిక్ యవ్', ఫోన్ ఛార్జింగ్ తినేస్తుంటే 'హోవ్ సిక్ తిన్'. తిన్ అంటే కరెంటు, మన తినడంతో దానికి చుట్టరికం లేదు. హోవ్ సిక్ అని అక్కడే ఆపేస్తే మాత్రం 'రుచిగా ఉంది' అని అర్థం. వాళ్ల చదరంగంలో ఎదుటివాడి పావును తినేస్తారు. పలకలతో ఆడే మాజాంగ్ ఆటలో గెలవడాన్ని సిక్ వూ అంటారు.

అదే తెలుగులో ఉన్నది ఉన్నట్టు మార్చి లంచానికి సిక్ తగిలిస్తే మాత్రం బోల్తా పడతారు. అక్కడ లంచం పుచ్చుకోవడమంటే నల్ల డబ్బు అందుకోవడం. తిట్లు, దెబ్బలు కూడా తినరు. 'ఫలానా వాడి చేత తిట్టించుకున్నాను' అనే వాక్యం వేరే ఉంది. బుర్ర తినేవాడి గురించి 'హోవ్ ఫాన్' అంటారు, అంటే మహా విసుగు. ఈ ఫాన్ నాలుగో స్థాయి, అన్నం ఆరో స్థాయి. రెండూ అడుగునే ఉంటాయి, నాలుగోది ఇంకా కిందికి జారుతుంది. నాకు ఇప్పటికీ పదింట మూడుసార్లు తప్పుతుంది.

మలేసియాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలవాళ్లు ఈపో, కౌలాలంపూర్ వైపు 'సిక్ ఫుంగ్' అనే మాట వినే ఉంటారు. గాలి తినడం, అంటే సరదాగా షికారుకో విహారయాత్రకో వెళ్లడం. మలయ్ భాషలోని 'మకాన్ అంగిన్' (గాలి తినడం) అక్కడి కాంటొనీస్‌లోకి దిగింది. హాంకాంగ్‌లో ఈ అర్థంతో వాడరు. అక్కడ వాయవ్యపు గాలి తినడమంటే పస్తులుండటం.

నాలుగు నుడికారాలు

పుస్తకాల్లో యాభై అరవై దొరుకుతాయి. వినగానే పోల్చుకోవడానికి ఇవి చాలు.

సిక్ సేయ్ మావ్, చచ్చిన పిల్లిని తినడం. మావ్ అంటే పిల్లి, మ్యావ్ నుంచి గుర్తుపెట్టుకోవచ్చు. చేయని తప్పు నెత్తిన పడటమని అర్థం. ఇది ఆఫీసులో వినిపించేంతగా ఇంకెక్కడా వినిపించదు. ఫైల్ పంపాల్సినవాడు పంపడు, మీటింగ్‌లో తలదించుకునేది పక్కసీటువాడు. ఆ సాయంత్రం పక్కసీటువాడు లిఫ్టులో 'ఇవాళ నేను చచ్చిన పిల్లిని తిన్నాను' అంటాడు. నవ్వకండి. 'అయ్యో' అన్నట్టు మొహం పెట్టండి.

సిక్ నింగ్ ముంగ్, నిమ్మకాయ తినడం. కుర్రాడు ధైర్యం చేసి ఓ అమ్మాయిని సినిమాకి రమ్మని అడిగాడు, ఆవిడ కుదరదంది. అంతే, నిమ్మకాయ తిన్నట్టు. పులుపు మొహం కళ్లముందు కనిపిస్తుంది కాబట్టి ఇది మర్చిపోవడం కష్టం.

సిక్ ఫా సంగ్, వేరుశనక్కాయలు తినడం. ఇద్దరు కొట్టుకుంటుంటే పక్కన కూర్చుని తమాషా చూడటం. గ్రూప్ చాట్‌లో గొడవ మొదలవగానే వేరుశనక్కాయ బొమ్మలు వచ్చి పడుతుంటాయి.

నాలుగోది కాస్త పెద్దది: సిక్ వూన్ మిన్ ఫాన్ వూన్ తయ్. గిన్నెలో పైపైనున్నది తినేసి, అడుగు తిప్పి బోర్లా కొట్టడం. అన్నం పెట్టినవాడికే ద్రోహం చేయడమన్నమాట. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడిని తలచుకోండి. వాళ్లు గిన్నె దగ్గరే ఆగారు, మనం ఇంటికప్పు దాకా వెళ్లాం.

ఇవి వాడే తొందరలో ఓ ప్రమాదం ఉంది. అరటిపండును మామూలుగా హోంగ్ చ్యూ అంటారు. తినమని చెప్పేటప్పుడు హోంగ్ వదిలేసి ఒక్క ముక్కే అన్నారంటే అది పచ్చి బూతు. పండు బాగుంది తినండి అని ఆఫీసులో మర్యాద చేయబోయి తలెత్తుకోలేని పరిస్థితి తెచ్చుకోవద్దు. మూడు ముక్కలూ పూర్తిగా అనండి, సిక్ హోంగ్ చ్యూ. లేదా పండు చేతికిచ్చి నవ్వండి.

మరో మాట. పేపర్లోనో, టీవీ వార్తల్లోనో సిక్ కోసం చెవులు రిక్కించకండి. రాసే భాషలో 'తిను'కి చైనా అధికార భాష మాండరిన్‌తో కలిసే వేరే అక్షరం వాడతారు, దాన్ని పైకి చదివితే హెక్. 'పొగతాగరాదు' బోర్డు మీద కూడా సిక్ యిన్ ఉండదు, పీల్చడం అనే మాట ఉంటుంది. మనం ఇంట్లో తిని, పెళ్లి శుభలేఖలో విందు ఆరగించమన్నట్టే. నోటి మాట కావాలంటే బజారుకే వెళ్లాలి.

లేచేటప్పుడు

రద్దీ వేళ ఛా ఛాన్ థెంగ్‌లో, అంటే మన ఇరానీ హోటల్‌లాంటి టీ దుకాణంలో, ముక్కూమొహం తెలియనివాళ్లతో ఒకే బల్ల పంచుకోవాల్సి వస్తుంది. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. మీది అయిపోయింది, ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఇంకా మాకరోనీ సూపు ఊదుకుంటున్నాడు. బిల్లు తీసుకుని లేస్తూ 'మాన్ మాన్ సిక్' అనండి, నెమ్మదిగా కానివ్వండి అని. రెండో మాన్ కాస్త పైకి లేవాలి, సిక్ మాత్రం కిందే ఉండాలి. గొంతు పెంచారంటే ఆయనకు 'నెమ్మదిగా తెలుసుకోండి' అని వినిపిస్తుంది.